వేలెడు ముక్క

విశాఖపట్నం,
18 ఆగస్టు 2024.

సారంగపాణి మామకు,

నమస్కారం. నువ్వూ యాకమ్మత్తా బాగున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావని కూడా చెప్పింది. ఇరవై ఏళ్లు రంపం మిషన్ పక్కన నిలబడ్డ చెవులకు ఫోన్లో గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదట. అమ్మ కొనిచ్చిన చెవి మిషన్‌ను డబ్బాతో సహా దేవుడి గూట్లో పెట్టావట. దానికి రోజూ అగరుబత్తి వెలిగిస్తున్నావా లేదా అన్నది మాత్రం అమ్మకు తెలియదట. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం అయితే నీకు బాగానే వినపడుతుంది.

మామా, ఎగుమతి సరుకులో పురుగులు చూసే మా ఆఫీసులో నాకు ఒక కొత్త పని అప్పగించారు. నీకు తెలిసిన సంగతే అయినా మొదటినుంచి చెప్తాను, ఎందుకంటే మా విజయలక్ష్మి మేడమ్‌కు ఏదైనా మొదటినుంచి చెప్పాలి, నాకూ అదే అలవాటైంది. ఓడలో సరుకు పోతే దాని కింద చెక్క పాలెట్ ఉంటుంది, చుట్టూ చెక్క పెట్టె ఉంటుంది. సరుకును అందరూ చూస్తారు, చెక్కను ఎవరూ చూడరు. ఆ చెక్కలో దాక్కున్న పురుగు కొత్త దేశంలో దిగి, అక్కడి చెట్లను పట్టుకుని, అడవులకు అడవులే ఎండబెట్టిన సందర్భాలున్నాయి. అందుకే చెక్క లోపలి దాకా యాభై ఆరు డిగ్రీల వేడి ముప్పై నిమిషాలు తగలాలని, అలా వేడి చేసిన చెక్క మీదే ముద్ర వేయాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. నువ్వు రోజూ చేసే పనే. ఇప్పుడు ఆ నియమాలను ఇంకా మెరుగు చేయడానికి అందరినీ సూచనలు అడుగుతున్నారు. మా ఆఫీసు నుంచి పోయే సూచనలు రాసే నలుగురిలో నేనూ ఒకదాన్ని.

మిగతా ముగ్గురూ పుస్తకాలు చూసి రాస్తున్నారు. నాకు నీ షెడ్డు గుర్తొచ్చింది. నియమం ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ గుచ్చుకుంటుందో, ఎక్కడ జనం దాన్ని దాటేసి పోతున్నారో నాకు రాయి. దాచకుండా రాయి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మీ కొత్తవాడ ఇంట్లో మగ్గం గుంజ నుంచి పిండి రాలుతుంటే నువ్వు దాన్ని చీల్చి, లోపలి తెల్ల పురుగును అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చావు. నేను పురుగుల చదువు చదవడానికి కారణం నువ్వేనని అమ్మ ఇప్పటికీ నిన్ను తిడుతుంది. కాబట్టి ఈ పనిలో నీకూ బాధ్యత ఉంది.

నీ మేనకోడలు,
తేజస్విని


ఎనుమాముల, వరంగల్,
29 ఆగస్టు 2024.

చిరంజీవి తేజస్వినికి మామ దీవెనలు.

బిడ్డా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా అక్క నన్ను తిట్టడానికి ఇంకా చాలా కారణాలున్నాయి, ఆ పురుగు ఒక్కటే కాదు. చెవి మిషన్ సంగతి అబద్ధం. అది గూట్లో లేదు, బీరువాలో ఉంది. పెట్టుకుంటే రంపం చప్పుడు కూడా పెద్దగా వినపడుతుంది, ఆ బాధ ఎవరు పడాలి?

నువ్వు అడిగింది చిన్న సంగతి కాదు. మగ్గం దిగి రంపం పట్టిననాడు మా వాళ్లంతా నవ్వారు. జంపఖానా నేసే చేతులతో పెట్టెలు కొడతాడట అన్నారు. ఇవాళ ఆ జంపఖానాలే నా పెట్టెల్లో పోతున్నాయి. షెడ్డులో ఎనిమిది మందిమి. కేసముద్రం గోపాల్ డిపో నుంచి జామాయిల్ దుంగలు వస్తాయి, కోస్తాం, కొడతాం, వేడిగదిలో పెడతాం. దాన్ని మా కట్టయ్య బట్టీ అంటాడు, అందరికీ అదే అలవాటైంది. కట్టయ్య పదిహేనేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. బట్టీ తలుపు మూసేముందు దండం పెట్టనిదే స్విచ్ వేయడు.

నియమం మంచిదే. దాన్ని ఆచరించే తీరులోనే ఉంది తిరకాసు. వేడి చూసే సూదిని అన్నిటికన్నా మందమైన దిమ్మె నడిమధ్యలోకి దించాలి. కొందరు సన్న పట్టీకి గుచ్చుతారు. అది పావుగంటలో వేడెక్కుతుంది, కాగితం మీద గీత బ్రహ్మాండంగా వస్తుంది, లోపల దిమ్మెలు చల్లగానే ఉంటాయి. తనిఖీకి వచ్చినవాళ్లు కాగితం చూస్తారు, దిమ్మెను ముట్టుకోరు. ముట్టుకోమని రాయి. మా దిమ్మెకు మేము తొలిచిన రంధ్రం ఉంటుంది, వచ్చి వేలు పెట్టి చూడమను.

ఇంకో అన్యాయం ఉంది. పాత పాలెట్లు మార్కెట్ యార్డు చుట్టూ కుప్పలు పడి ఉంటాయి. వాటిమీద ఎప్పటిదో ముద్ర ఉంటుంది. ఎవడో వచ్చి కొంటాడు, విరిగిన పట్టీ తీసి పచ్చి కట్టె కొడతాడు, అదే ముద్రతో ఓడ ఎక్కిస్తాడు. ముద్ర నిజమే, చెక్క అబద్ధం. నాకు దీనిమీద ఎంత కోపమంటే, ఆ మాట చెప్తూ మొన్న చాయ్ గ్లాసు పగలగొట్టాను, యాకమ్మను అడుగు. నా మాటగా ఇది రాయి: బట్టీలో నుంచి వచ్చిన పాలెట్‌కు వేలెడు ముక్క కొత్తది తగిలించినా సరే, ముద్ర చెరిపేసి మొత్తం మళ్లీ బట్టీలో పెట్టాలి. ఎవడు చేసినా, ఎందుకు చేసినా.

మీ అత్త నీకు చింతకాయ తొక్కు పెట్టి ఉంచింది. తీసుకొచ్చేవాళ్లు దొరకడం లేదు.

మామ,
సారంగపాణి


విశాఖపట్నం,
16 సెప్టెంబర్ 2024.

మామా,

నీ ఉత్తరం మా మీటింగ్‌లో చదివారు. నేను కాదు, విజయలక్ష్మి మేడమ్ స్వయంగా చదివింది. చాయ్ గ్లాసు దగ్గర ఆగి నవ్వింది. సూదిని మందమైన దిమ్మెలోనే దించారో లేదో తనిఖీలో దిమ్మె విప్పి చూడాలన్న నీ మాట తీసుకున్నారు. వేలెడు ముక్క వాక్యమైతే దాదాపు నీ మాటల్లోనే పోయింది. "ఎవడు" అన్నచోట "ఎవరు" అని దిద్దాను, అంతే. "ఎందుకు చేసినా" అవసరమా అని ఒకాయన అడిగితే మేడమ్ ఉంచమంది. ఏ నియమానికైనా జనం కారణాలు చెప్పేది అక్కడే అంది.

ఆ వాక్యం చదువుతుంటే నాకు ఎంత గర్వంగా ఉందో ఎదురుగా ఉంటే చెప్పలేను, నువ్వు నెత్తి మీద మొట్టికాయ వేస్తావు.

దసరాకు రాలేను. సెలవు దొరకలేదు. నా పేరున జమ్మి ఉంచు.

తేజూ


ఎనుమాముల,
15 అక్టోబర్ 2024.

చిరంజీవి తేజస్వినికి,

ఈ కవరులో జమ్మి ఆకు ఉంది. బంగారం పంపానని అనుకో. దీన్ని తలగడ కింద పెట్టుకో, మీ ఆఫీసు వాళ్లకు చూపించకు, ఆకు కనపడితే భూతద్దం తెస్తారు.

నిన్న మా జీవితంలో పెద్ద రోజు. మా కొత్తవాడ సొసైటీ మొదటిసారి మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా జర్మనీ దేశానికి జంపఖానాలు పంపింది. హాంబర్గ్ అనే రేవుకు పోతాయట. సొసైటీ ప్రెసిడెంటు రమాకాంత్ నిద్ర మానేసి రెండు వారాలైంది. డెబ్బై ఇళ్ల నేత అది. నీలం చారలవి నేను దగ్గరుండి చూశాను, మా నాయన నేసిన చారలే. పాలెట్లన్నీ మావే. దసరా ముందే బట్టీలో నుంచి తీసి, ముద్రలు వేసి పేర్చి ఉంచాం. పండుగనాడు రంపానికి, బట్టీకి, మొదటి పాలెట్‌కు, లారీకి అన్నిటికీ జమ్మి పెట్టి మొక్కాం. లారీ కదులుతుంటే రమాకాంత్ ఏడ్చాడు. కట్టయ్య కూడా ఏడ్చాడు, అతనికి ఎందుకో నాకు తెలియదు. నాకు కూడా కొంచెం కళ్లు తడిశాయి, అది రంపపు పొట్టు వల్ల.

పాలపిట్ట కనపడింది. ఈ ఏడు అంతా మంచే జరుగుతుంది.

మామ


విశాఖపట్నం,
6 జనవరి 2025.

మామా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను. నేరుగానే రాస్తాను.

హాంబర్గ్ రేవులో మీ సొసైటీ సరుకును ఆపేశారు. ఒక పాలెట్‌లో బెరడున్న చెక్క ముక్క దొరికింది. అందులో బతికున్న పురుగు ఉంది. వాళ్లు పంపిన నోటీసు విచారణకు మా ఆఫీసుకే వచ్చింది. నేనే కవరు తెరిచాను. ముద్ర నంబరు నీదే. నీ నంబరు నాకు నోటికొచ్చు.

వెంటనే మేడమ్ దగ్గరకు పోయి, ఇది మా మేనమామది, నేను ఈ ఫైలు ముట్టుకోకూడదు అని చెప్పాను. ఆమె ఫైలు తీసేసుకుంది. ఫోటోలు కూడా నేను సరిగా చూడలేదు. విచారణ అయ్యేదాకా నువ్వు ముద్ర వేయకూడదని కాగితం వస్తుంది. తప్పు బట్టీదని తేలితే నీ అనుమతి పోతుంది.

ఆఫీసు మనిషిగా కాదు, నీ మేనకోడలిగా అడుగుతున్నాను. ఆ రోజుల్లో కరెంటు పోయిందా? లారీ టైముకు ముప్పై నిమిషాలు కాకముందే తలుపు తీశారా? దుంగలు తక్కువపడి ఎవరైనా పచ్చి చెక్క కొట్టారా? అలా జరిగితే ఇప్పుడే చెప్పు మామా. తర్వాత తేలితే నేను తట్టుకోలేను.

తేజూ


ఎనుమాముల,
12 జనవరి 2025.

గౌరవనీయులైన తేజస్విని గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు అడిగిన మూడు ప్రశ్నలకు జవాబులు కింద రాస్తున్నాను.

కరెంటు పోయింది. ఎక్కడ పోదు? తలుపు ముందే తీయలేదు. పచ్చి చెక్క అగ్గిపుల్లంత కూడా కొట్టలేదు. ఆ ముద్ర నా దగ్గర తాళంలో ఉంటుంది, తాళంచెవి మొలతాడుకు ఉంటుంది, మొలతాడు నాకు ఉంటుంది.

ముద్ర ఆపేస్తూ కాగితం వచ్చింది. ఎనిమిది మంది షెడ్డులో కూర్చుని రంపాలకు నూనె రాస్తున్నారు. ఇంకో నెల ఇలాగే ఉంటే నేను షెడ్డు మూయాలి, వాళ్లు వేరే దారి చూసుకోవాలి. రమాకాంత్ నాతో మాట్లాడటం లేదు. నిన్న మిల్స్ కాలనీలో ఎదురుపడి తల తిప్పుకున్నాడు. ఇద్దరం ఒకే మగ్గం గుంటలో ఆడుకున్నవాళ్లం.

వేలెడు ముక్క అని నేను రాసి ఇస్తే అది తీసుకుని నా మెడకే చుట్టారు. బాగుంది. దాచకుండా రాయమంటే రాశాను. మీరు అడగాల్సింది మీ మామ బాగున్నాడా అని. మీరు అడిగింది మీ మామ దొంగా అని.

ఆ రోజు వేడి గీత కాగితం ఇందులో పెట్టాను. చూసుకోండి.

ఇట్లు,
సారంగపాణి


విశాఖపట్నం,
20 జనవరి 2025.

మామా,

"గారు" అన్నావు. పుట్టి ముప్పై ఒక్క ఏళ్లలో నువ్వు నన్ను ఎప్పుడూ అలా అనలేదు. ఆ ఒక్క మాటకు మధ్యాహ్నం అన్నం తినలేదు. నువ్వు దొంగవని నేను అనుకోలేదు. భయపడ్డాను. భయంలో మాట ఎలా వస్తుందో నీకు తెలియదా?

నీ వాక్యాన్ని ఎవరూ నీ మెడకు చుట్టలేదు. అది ఇంకా సూచనే, నియమం కాలేదు. నోటీసు వచ్చింది పాత నియమం కిందే.

కానీ నువ్వు పంపిన గీత చూశాక నా భయం పెరిగింది. రెండు గంటల పది నిమిషాలకు గీత యాభై ఏడు దగ్గర ఉంది. తర్వాత దిగుతూ దిగుతూ నలభై ఒకటికి వచ్చింది. అక్కడితో కాగితం అయిపోయింది. అంటే మధ్యలో కరెంటు పోయింది, వేడి పన్నెండు నిమిషాలే తగిలింది, అంతే కదా? ఈ కాగితం మేడమ్ చేతికి ఇవ్వాలా వద్దా అని మూడు రోజులు బ్యాగులో పెట్టుకుని తిరిగాను. ఇవ్వకపోతే నేను ఈ ఉద్యోగానికి పనికిరాను. ఇస్తే నీ షెడ్డు పోతుంది.

ఈ ఉదయం ఇచ్చేశాను. నన్ను క్షమించమని అడగను. ఇది నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

తేజూ


ఎనుమాముల,
2 ఫిబ్రవరి 2025.

చిరంజీవి తేజస్వినికి, మామ దీవెనలు. ఈసారి గారు లేదు.

ముందు ఇందులో ఉన్న రెండో కాగితం చూడు. గీత రెండు పేజీలు. మొదటిసారి రెండూ పెడితే కవరు బరువు పెరిగి స్పీడ్ పోస్టుకు ఎక్కువ తీసుకుంటారని యాకమ్మ ఒకటి తీసేసింది. కరెంటు పోయిన మాట నిజం. వచ్చాక కట్టయ్య గడియారాన్ని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాడు. రెండో పేజీలో గీత యాభై ఎనిమిదికి ఎక్కి ముప్పై ఆరు నిమిషాలు అక్కడే కూర్చుంది. నువ్వు మూడు రోజులు ఏడ్చింది మీ అత్త పొదుపు వల్ల. నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆమె కూడా ఏడ్చింది.

కాగితం మేడమ్‌కు ఇచ్చినందుకు నాకు కోపం లేదు. మొదట వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నేనైతే ఇచ్చేవాణ్నా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. జవాబు వెంటనే రాలేదు. అప్పుడు నాకు నీ మీద గౌరవం కలిగింది.

ఇక అసలు సంగతి. మొన్న గురువారం మీ విజయలక్ష్మి మేడమ్ ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. రెండు పేజీలూ చూసింది. అంతటితో ఆగకుండా పాలెట్ విప్పించి దిమ్మెలోని రంధ్రంలో వేలు పెట్టి చూసింది. బట్టీ నడిపించి, తన సొంత సూదులు ఆరు చోట్ల గుచ్చి, సాయంత్రం దాకా స్టూలు మీద కూర్చుంది. ఆమె మాట్లాడింది నాకు వినపడకపోతే కట్టయ్య నా చెవి దగ్గర అరిచి చెప్పాడు. బట్టీలో తప్పేమీ లేదంది. మరి బెరడున్న ముక్క ఎట్లా వచ్చింది, దుంగలు ఎక్కడివి అని అడిగింది. కేసముద్రం గోపాల్ డిపోవి అని చెప్పాం. అయితే అక్కడికి పోవాలి, బెరడు తీయకుండా ఇచ్చి ఉంటారు అని రాసుకోవడం మొదలుపెట్టింది.

రాసుకుంటూ ఫోన్లో హాంబర్గ్‌లో దొరికిన ముక్క ఫోటో చూపించింది. బొటనవేలంత లావు, వేలెడు పొడుగు. బెరడు మీద సన్నటి ముళ్లు. జామాయిల్‌కు ముళ్లు ఎక్కడివి బిడ్డా?

మా నాయన దసరానాడు జమ్మి కొమ్మ తెచ్చి మగ్గం గుంజకు కట్టేవాడు. సంవత్సరమంతా అది అక్కడే ఉండేది. మగ్గం దిగినా నాకు ఆ అలవాటు పోలేదు. దసరానాడు సరుకు ఎక్కించే మొదటి పాలెట్‌లో, కింద దిమ్మెల మధ్య సందులో చిన్న జమ్మి కొమ్మ పెట్టి, పడిపోకుండా సన్న మేకు కొడతాను. ఇన్నేళ్లూ దసరానాటి పెట్టెలు ఈ దేశంలోనే, బొంబాయి దాకా, హైదరాబాదు దాకా పోయాయి కాబట్టి అడిగినవాళ్లు లేరు. మగ్గం ఎక్కడికీ పోదు, పాలెట్ పోతుంది. ఆ తేడా నా బుర్రకు తట్టలేదు. నువ్వు అడిగినప్పుడు అగ్గిపుల్లంత కూడా కొట్టలేదని రాశాను కదా, ఒట్టు పెట్టి చెప్తున్నాను, అది అబద్ధమని నాకు తెలియదు. జమ్మిని నేను ఏనాడూ కట్టె అనుకోలేదు. అది పూజ. ఆ పూజలో పురుగు ఉంది.

నేను మేడమ్ వైపు తిరిగి, అది ఎక్కడిదో నాకు ఎరుకే అన్నాను. కట్టయ్యకు అర్థమైపోయింది. మేకు అందించింది వాడే. నా చెవిలో గుసగుసగా చెప్దామని వచ్చాడు. గుసగుస నాకు వినపడదు కదా, అందుకని అలవాటు కొద్దీ అరిచాడు.

"ఊకో అన్నా, ఆమెకు ఎరుక లేదు."

షెడ్డంతా వినపడింది. మేడమ్ పెన్ను ఆపింది. నాకు సిగ్గుతో నవ్వు కూడా వచ్చింది. ఒక్క క్షణం ఊరుకుందామనిపించిన మాట కూడా నీ దగ్గర దాచను. కానీ ఊరుకుంటే గోపాల్ డిపో మీద పడుతుంది. ముసలి తల్లి మల్లవ్వతో కలిసి బెరడు గీరే మనిషి అతను, ఒక్క పెచ్చు వదలడు.

"గా కొమ్మను కట్టె అనుకోలే మేడమ్. జమ్మి అనుకున్న. నేనే పెట్టిన, నా చేత్తోనే మేకు కొట్టిన."

ఆమె బ్యాగులో నుంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. నేను నీకు రాసిన వాక్యమే, టైపు చేసి ఉంది. "ఎందుకు చేసినా" అన్న మాట కింద వేలు పెట్టి, దీన్ని తీసేయమంటారా అని అడిగింది. కట్టయ్య అది నాకు అరిచి చెప్పాల్సిన పని పడలేదు. ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

"ఉండనియ్యుండ్రి" అన్నాను.

ఇంతే జరిగింది. ముద్ర పోతుందో ఉంటుందో నాకు తెలియదు. పోతే పోయింది అనలేను, ఎనిమిది ఇళ్లు ఉన్నాయి. కానీ నెల తర్వాత నిన్న మొదటిసారి నిద్ర పట్టింది.

నీ మామ,
సారంగపాణి


విశాఖపట్నం,
24 ఫిబ్రవరి 2025.

మామా,

ముద్ర ఉంటుంది. ముందు ఈ మాట చదువు, తర్వాత తీరికగా మిగతాది చదువు. ఇది అందేలోపే నీకు ఆఫీసు కాగితం వచ్చి ఉంటుంది. అయినా నా చేతితో నేను రాయాలనుకున్నాను.

బట్టీలో లోపం లేదని, వేడి సరిగా తగిలిందని, దొరికిన ముక్క వేడి చేశాక బయటినుంచి చేర్చిందని, తయారీదారే స్వయంగా చెప్పాడని మేడమ్ రాసింది. మార్చి పది నుంచి నువ్వు మళ్లీ ముద్ర వేయొచ్చు. అప్పటిదాకా షెడ్డులో అందరికీ ఒక రోజు శిక్షణ ఇవ్వాలి, బట్టీలోకి పోయే ప్రతి వస్తువునూ రిజిస్టరులో రాయాలి. శిక్షణ ఇవ్వడానికి చైతన్య అనే కుర్ర ఆఫీసరు వస్తాడు. అతనికి భయం ఎక్కువ, కట్టయ్యను అరవవద్దని చెప్పు.

హాంబర్గ్‌లో పాలెట్లు మార్చి, ఆ పాత పాలెట్‌ను తగలబెట్టి, జంపఖానాలను వదిలేశారు. ఒక్కదానికీ మచ్చ పడలేదు. వాళ్లకు నీలం చారలవి నచ్చి ఇంకో వంద అడిగారట. రమాకాంత్ మామకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

మామా, ఒక మాట ఒప్పుకోవాలి. నువ్వు పచ్చి చెక్క కొట్టలేదని రాసినప్పుడు నేను పూర్తిగా నమ్మలేదు. నమ్మాలనుకున్నాను, గీత చూసి నమ్మలేకపోయాను. నాకు అగ్గిపెట్టెలో పురుగును ఇచ్చిన మనిషిని ఒక్క కాగితం చూసి అనుమానించాను. అందులోనూ సగం కాగితం. దానికి నా చెంప నేనే వాయించుకోవాలి.

నీ ఉత్తరం మేడమ్‌కు చూపించాను. సూచనల్లో ఒక మాట చేర్చమంది. వేడి చేశాక అలంకరణకో ఆచారానికో పెట్టే కొమ్మలూ ఆకులూ కూడా కొత్త చెక్క కిందే లెక్క అని. ఇలాంటివి ఒక్క ఊళ్లోనే ఉండవట. ఎక్కడో దండ కడతారు, ఎక్కడో కొత్త పెట్టెకు పచ్చకొమ్మ గుచ్చుతారు, అవి వాళ్లకూ చెక్క అనిపించవు అంది. పుస్తకాలు చూసి రాసిన ముగ్గురిలో ఎవరికీ అది తట్టలేదు. నీకూ తట్టలేదు, కాకపోతే నువ్వు చేసి చూపించావు.

నీ పురుగు ఏదో తేలింది. జమ్మిని తొలిచే కొమ్ముల పురుగు పిల్ల. నలభై రోజులు సముద్రం మీద ప్రయాణం చేసి బతికే ఉంది. గట్టిపిండం.

ఈ శనివారం వస్తున్నాను. చింతకాయ తొక్కు తీసుకొచ్చేవాళ్లు దొరకడం లేదన్నావు కదా, నేనే వస్తాను.

నీ మేనకోడలు,
తేజూ


ఎనుమాముల,
4 అక్టోబర్ 2025.

చిరంజీవి తేజస్వినికి,

బిడ్డా, దసరా బాగా జరిగింది. నువ్వు ఈసారి కూడా రాలేదు. మీ ఆఫీసుకు దసరా అంటే పగ ఉన్నట్టుంది.

రమాకాంత్ ఇంటికి వచ్చి జమ్మి చేతిలో పెట్టి కావలించుకున్నాడు. పోయిన జనవరిలో తల తిప్పుకున్న సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఎత్తకపోవడమే మంచిది, ఎత్తితే నేను గెలుస్తాను. సొసైటీ మూడో లోడు ఇవాళ బయలుదేరింది. రెండో లోడు జూన్‌లో ఏ మాటా పడకుండా చేరింది.

నువ్వు కొన్న కొత్త చెవి మిషన్ పెట్టుకుంటున్నాను, షెడ్డులో తీసేస్తున్నాను. యాకమ్మ నన్ను ఇన్నేళ్లూ ఇన్ని మాటలు అంటున్నదని నాకు తెలియదు.

కొమ్మ మానేద్దామని అనుకున్నాం. పండుగ పొద్దున కట్టయ్య జమ్మి తెచ్చి, చేతిలో పట్టుకుని షెడ్డు గడపలో నిలబడ్డాడు. లోపలికి రాడు, బయటికి పోడు. అరవై ఏళ్ల మనిషి అలా నిలబడితే నాకు మా నాయన మగ్గం గుర్తొచ్చింది. తీసుకురా అన్నాను. బెరడంతా వాడి చేతనే గీరించాను. పాలెట్లతోపాటు బట్టీలో పెట్టాం. సన్న కొమ్మ కదా, దానికి వేరే సూది ఎందుకు అన్నాడు కట్టయ్య. చైతన్య సార్ చెప్పింది మరిచిపోయావా అని మందమైన దిమ్మెకు ఒక సూది, జమ్మికి ఒక సూది గుచ్చాం. కరెంటు పోలేదు. యాభై ఎనిమిది డిగ్రీలు, ముప్పై నాలుగు నిమిషాలు. తలుపు తీశాక దాన్ని మొదటి పాలెట్‌కు కొట్టి, ఆ తర్వాతే ముద్ర వేశాను. రిజిస్టరులో ఇలా రాశాను: పాలెట్లు నూట ఇరవై, జమ్మి కొమ్మ ఒకటి. విజయలక్ష్మి మేడమ్‌కు చెప్పు. సరికాదంటే వచ్చే ఏడు మానేస్తాను. సరే అంటే నాకు చాలా సంతోషం.

ఇప్పుడు నాకు ఏ భయమూ లేదు. ఇంత హాయిగా లోడు పంపి ఎన్నాళ్లయిందో.

ఈ కవరులో నీ జమ్మి ఆకు పెట్టాను. రంగు మారింది, ముట్టుకుంటే పొడి అయ్యేట్టుంది, ఏమీ అనుకోకు. అది కూడా ముప్పై నాలుగు నిమిషాలు బట్టీ లోపలే ఉంది. ముద్ర వేసి పంపుదామనుకున్నాను కానీ ఆకు మీద జాగా చాలలేదు.

నీ మామ,
సారంగపాణి